పదకొండు ఉత్తరాల ఊరు

కంటికి శుక్లం తీసి పట్టీ విప్పిన రోజున డాక్టరు మాటవరసకి అడిగాడు. "చూపు స్పష్టంగా వచ్చిందమ్మా. ఇక ముందుగా ఏం చూడాలనుంది?"

ఎవరైనా మనవల మొహాలంటారు, టీవీ అంటారు. ఆవిడ మాత్రం తడుముకోకుండా, మధ్యధరా సముద్రం ఒడ్డునున్న ఓ రేవుపట్నం పేరు చెప్పింది. డాక్టరు నవ్వేశాడు. పక్క కుర్చీలో మందుల చీటీ పట్టుకుని కూర్చున్న ఆవిడ భర్త మాత్రం ఆ చీటీలో తల దూర్చేశాడు.

ఆయన ముప్ఫై రెండేళ్ళు సరుకు ఓడల్లో పనిచేసి చీఫ్ ఇంజనీరుగా దిగిపోయిన మనిషి. ఉద్యోగం మానేసి పన్నెండేళ్ళయినా, అపార్ట్‌మెంటులో అందరికీ ఆయన ఇంకా 'చీఫ్'. లిఫ్టు మొరాయించినా, మోటారు గురగురలాడినా ముందు ఆయన తలుపే కొడతారు. ఆయన కూడా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చెవి ఆనించి విని, "బేరింగు పోయింది" అనో "నీళ్ళు అందట్లేదు" అనో తేల్చేస్తాడు. ఇంజన్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. భార్య నోట ఆ ఊరి పేరు వింటే మాత్రం, నలభై నాలుగేళ్ళుగా ఆయన చేతికి ఏదో ఒక పని తగులుతుంది. పంపు కట్టాలి, పేపరు కిందపడింది, దగ్గొస్తోంది.

ఆవిడ ఆ ఊరిని ఎన్నడూ చూడలేదు. కానీ అంత బాగా తెలిసిన ఊరు ఆవిడకి ఇంకోటి లేదు.

పెళ్ళయిన ఎనిమిదో నెలలో ఆయన ఓడ ఎక్కాడు. అప్పటికి నాలుగో ఇంజనీరు, అంటే ఇంజను గదిలో అందరికంటే చిన్నవాడు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంకు ఆపరేటరు. పొడవాటి గది, వరసగా తొమ్మిది బోర్డులు, తొమ్మిది ఎత్తు కుర్చీలు. చెవులకి హెడ్‌సెట్లు తగిలించుకుని, పొద్దస్తమానం ఎవరెవరి గొంతులనో ఊరి నుంచి ఊరికి కలిపే ఆడవాళ్ళు తొమ్మిదిమంది. ఇంతమందిని కలిపే ఆవిడకి తన మొగుడి గొంతు మాత్రం ఆరు నెలలకోసారి కూడా వినపడేది కాదు. ఓడకి ఫోను లేదు. ఉత్తరాలే.

ఆ ఊరి నుంచి వచ్చినవి పదకొండు ఉత్తరాలు. ఓడ ఇంజను పాడై రిపేరుకి కట్టేశారనీ, పదకొండు రోజులు ఖాళీ దొరికిందనీ, రోజూ ఊరంతా తిరుగుతున్నాననీ ఆయన రాశాడు. కొండ మీదికి కీచుమంటూ ఎక్కే ట్రాము. మెట్లే తప్ప రోడ్డు లేని వీధి, మెట్టుకో పిల్లి. తాళ్ళు మాత్రమే అమ్మే కొట్టు, అందులో తారు వాసన. తలుపు తెరిచిపెట్టి పాటలు పాడుతూ గడ్డాలు గీసే మంగలి. పాత కోటగోడ, దాని మీంచి చూస్తే సముద్రం దగ్గర ఆకుపచ్చగా, దూరాన నీలంగా రెండు ముక్కలుగా కనిపించడం.

పదింటికి పావుగంట టీ విరామంలో ఆవిడ ఆ ఉత్తరాలని ట్రంకు గదిలో పైకి చదివేది. అచ్చంగా తనకి రాసిన వాక్యాలు రాగానే గొంతు తగ్గించి దాటేసేది. మిగతావాళ్ళు బల్లలు చరిచేవాళ్ళు. "అదిగో, అక్కడ మింగేసింది! వెనక్కెళ్ళి చదువు!" సూపర్‌వైజరు పొడుగావిడ, ఎవరినీ నవ్వుతూ పలకరించని మనిషి, ఒకరోజు బోర్డు దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది. "ఆ మంగలి ఇవాళ ఏం పాడాడే?" నెల తిరక్కుండా ఆ తొమ్మిదిమందికీ ఆ ఊళ్ళో దారి చెప్పగలిగినంత జ్ఞానం వచ్చేసింది. లైన్లు కలవని మధ్యాహ్నాల్లో కళ్ళు మూసుకుని, ట్రాము దిగి ఎటు వెళ్ళాలో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

ఎక్స్ఛేంజి మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ తొమ్మిదిమందిలో ఇప్పుడు మిగిలింది ముగ్గురు. ఉత్తరాలు మాత్రం ఆవిడ హెడ్‌సెట్ పెట్టుకునే రెక్సిన్ సంచీలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కోడలు టికెట్ల ఆఫీసులో పనిచేస్తుంది. కంటి డాక్టరు దగ్గర జరిగింది వినగానే, "అత్తయ్యా, నాలుగు రోజుల ట్రిప్పు. ఎండలు ముదరకముందే వెళ్ళొచ్చేయొచ్చు. మీ ఇద్దరే వెళ్ళండి, మేం వెంటపడం" అంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. ఆవిడ పాత కాలెండరు కాగితం తిరగేసి, స్కేలు పెట్టి గళ్ళు కొట్టి, మొదటి గడిలో 'మొదటి రోజు' అని రాసింది. ఉత్తరాలు తేదీలవారీగా పరిచింది. చీఫ్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మావయ్యా, హార్బరు గేటు దాటాక ట్రాము ఎక్కడెక్కాలి?"

"గేటు ఎదురుగానే."

ఆవిడ ఒక ఉత్తరం తీసి చూసింది. "కూరగాయల బజారు దాటేదాకా నడవాలని రాశారు కదండీ?"

"రాశానా? అయితే నడవాలి."

"కోటగోడ మీంచి రెండు రంగులు కనిపించేది ఏ వేళప్పుడు?"

"పొద్దున."

"సాయంత్రం అనుంది."

"సాయంత్రమూ కనిపిస్తుందిలే."

"మెట్ల వీధి చివర ఏముందండీ?" ఈసారి ఆవిడ ఉత్తరం చూడకుండా, ఆయన మొహం చూస్తూ అడిగింది.

చీఫ్ నీళ్ళు నమిలాడు. "ఏదో… ఇల్లు."

మెట్ల వీధి చివర చేతిపంపు ఉంది. తొమ్మిదిమంది ఆడవాళ్ళకి తెలుసు ఆ సంగతి. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చీఫ్ పంపు కట్టొస్తానని లేచి వెళ్ళిపోయాడు. పంపు అప్పటికే కట్టేసి ఉంది.

వంటింట్లో గుసగుసలు మొదలయ్యాయి. మొన్న పాల ప్యాకెట్టు ఫ్రిజ్‌లో కాకుండా అల్మారాలో పెట్టాడు. పక్కింటాయన్ని వాళ్ళ తమ్ముడి పేరుతో పిలిచాడు. ఇప్పుడు, తను రోజుకో ఉత్తరం రాసిన ఊరే గుర్తులేదు. "మా ఆఫీసులో ఒకావిడ వాళ్ళ నాన్నగారికి ఇలాగే మొదలైందట అత్తయ్యా," అంది కోడలు. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ వారమంతా భర్త కళ్ళజోడు ఎక్కడ పెడుతున్నాడో, ఏ మాట రెండుసార్లు అంటున్నాడో గమనిస్తూనే ఉంది. బాత్‌రూమ్‌లోకి వెళ్తే, బయట నిలబడి గొళ్ళెం చప్పుడు వినేది.

గురువారం ఉదయం, మోకాలు చూపిద్దామని చెప్పి ఆయన్ని తీసుకెళ్ళారు. తలుపు మీద 'నరాలు, జ్ఞాపకశక్తి' అని ఉంది. చీఫ్ బోర్డు చదివాడు, భార్య వంక చూశాడు, ఏమీ అనకుండా లోపలికి నడిచాడు.

డాక్టరు నెమ్మదైన మనిషి. తేదీ అడిగింది, చెప్పాడు. వందలోంచి ఏడేసి తీసేయమంది. రెండు దాకా దిగి ఆగి, "ఇంకా తీయాలా?" అన్నాడు. గడియారం బొమ్మ గీయమంటే, అంకెల మధ్య నిమిషాల గీతలు కూడా గీశాడు. గొడుగు, బల్ల, నది అని మూడు మాటలు చెప్పి పది నిమిషాల తర్వాత అడిగితే, వరస తప్పకుండా అప్పజెప్పాడు. అక్కడితో ఆగక, తను మొదట పనిచేసిన ఓడ ఇంజనులో సిలిండర్లలో ఇంధనం ఏ వరసలో మండేదో కూడా వినిపించాడు.

డాక్టరు కలం పక్కన పెట్టింది. "మీ జ్ఞాపకశక్తి నాకంటే బాగుందండీ. మరి మీరు పదకొండు రోజులు తిరిగిన ఊరు అసలు గుర్తే లేదని అమ్మగారు కంగారు పడుతున్నారు?"

చీఫ్ పక్కకి తిరిగి భార్యని చూశాడు. వారం రోజులకే ఆవిడ చెంపలు పీక్కుపోయాయి. ఆపరేషన్ చేసిన కన్ను ఎర్రగా ఉంది. ఏడవకూడదని కంటి డాక్టరు చెప్పినా, ఆవిడ ఏడుస్తోందని ఆయనకి అప్పుడు తెలిసింది.

"చూస్తే కదా డాక్టరుగారూ, గుర్తుండడానికి," అన్నాడు.

కోడలు కుర్చీలో ముందుకి జరిగింది.

"నేను ఆ ఊళ్ళో అడుగు పెట్టలేదు. పదకొండు రోజులూ ఓడ దిగలేదు. రాసినవన్నీ వంటాయన చెప్పిన కబుర్లు."

కోడలికి ముందు నవ్వొచ్చింది. అత్తగారి మొహం చూసి ఆ నవ్వు మింగేసింది. ఆవిడ చేతిసంచీ జిప్పు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. "పద," అంది కోడలితో. భర్త వెనకాల వస్తున్నాడో లేదో కూడా చూడలేదు.

రెండు రోజులు ఆవిడ ఆయనతో నేరుగా మాట్లాడలేదు. "మీ మావయ్యని అన్నానికి రమ్మను." "మీ మావయ్య మందులేసుకున్నారా అడుగు." కాలెండరు కాగితం భోజనాల బల్ల మీంచి మాయమైంది. చీఫ్ ఇంట్లో పిల్లిలా తిరిగాడు. కింద జనరేటరు చెడిపోయిందని ఎవరో పిలిస్తే, ఒంట్లో బాగోలేదని పంపేశాడు. జీవితంలో మొదటిసారి.

మూడో రోజు ఉదయం ఆయన బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తుంటే, ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"తొమ్మిదిమందికి చదివి వినిపించాను," అంది. "మా సూపర్‌వైజరు పొడుగావిడ ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు చూడ్డానికెళ్తే, ఆ కోటగోడ సంగతి మళ్ళీ చెప్పమంది. చెప్పాను. సొంతంగా చూసొచ్చినదానిలా చెప్పాను. నన్ను పిచ్చిదాన్ని చేశారు మీరు."

ఆయన గింజలు గిన్నెలో వేస్తూనే ఉన్నాడు. చేతులు ఆగితే ఏం చేయాలో ఆయనకి తోచలేదు.

"అందరూ దిగారు కదా, మీరెందుకు దిగలేదు?"

"ఇంజను పాడైంది నా వల్ల."

ఆవిడ కూడా ఒక బఠాణీ కాయ చేతిలోకి తీసుకుంది.

"తెల్లవారుజాము డ్యూటీ నాది. సిలిండర్లని చల్లబరిచే నీళ్ళ వేడి పావుగంటకోసారి చూసి పుస్తకంలో రాయాలి. దాదాపు గంటసేపు నేను చూడలేదు. ఎక్కడో వాల్వు సగం మూసుకుపోయింది, నీళ్ళు అందలేదు. అలారం మోగేసరికి సిలిండరు లోపలి గొట్టం నిలువునా పగిలింది. ఓడని ఈడ్చుకుంటూ ఆ రేవుకి చేర్చారు. ఇంజను మళ్ళీ తిరిగేదాకా నువ్వు గట్టు మీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు మా చీఫ్. న్యాయమే."

"గంటసేపా… అంతసేపు ఏం చేస్తున్నారు?"

ఆయన చేతులు ఇప్పుడు ఆగాయి. "నీకు ఉత్తరం రాస్తున్నాను."

పక్క ఫ్లాటులో కుక్కరు కూత పెట్టింది. ఆగింది. మళ్ళీ పెట్టింది.

"ఆ మాట నీకెలా రాయను? నువ్వేమో ఆ ముందు ఉత్తరంలో, పోర్టులో దిగితే అన్నీ చూసి రాయండి, నాకు మీ కళ్ళే దిక్కు అని రాశావు. ఓడలో మా వంటాయన ఉండేవాడు. అందరం బాబాయ్ అనేవాళ్ళం. కూరలకని రోజూ బజారుకెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. ఇంజను గది పైమెట్టు మీద ఉల్లిపాయల బస్తా దించి, దాని పక్కనే కూర్చుని, కింద గ్రీజులో ఉన్న నాకు కేకేసి చెప్పేవాడు. 'ఒరేయ్, ఇవాళ ఓ మంగలిని చూశాన్రా!' అని. అవే రాశాను. ఉత్తరాలు పోస్టు చేసింది కూడా ఆయనే."

"మరి మీరేం చూశారు?"

ఈ ప్రశ్న ఆయన్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

"ఇంజను గది పైకప్పుకి అద్దాల తలుపు ఉంటుంది. దాంట్లోంచి బల్లంత ఆకాశం కనిపించేది. పొద్దున తెల్లగా, మధ్యాహ్నం చూడలేనంతగా. ఊళ్ళో గంట కొట్టేవాళ్ళు, అది వినపడేది. ఐదో రోజున కొత్త గొట్టం వచ్చింది, పట్టలేదు, వెనక్కి పంపారు. ఏడో రోజున ఇంకోటొచ్చింది. దాని చుట్టూ రబ్బరు రింగులు తొడిగి, సబ్బు నీళ్ళు రాసి, గొలుసుతో వెంట్రుకవాసి చొప్పున దించాలి. నన్నే దించమన్నాడు మా చీఫ్. అది కూర్చున్నప్పుడు ఒక చప్పుడొస్తుంది…" ఆయన నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. "అప్పుడు ఏడ్చాను. చెమటలో ఎవరికీ తెలీలేదు."

ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. లైను సరిగా లేనప్పుడు అవతలి గొంతు అందుకోవడానికి ఎక్స్ఛేంజిలో అలాగే కళ్ళు మూసుకునేది. నలభై నాలుగేళ్ళలో మొదటిసారి ఆయన గొంతు ఆ ఓడ లోంచి ఆవిడకి వినపడింది. మధ్యమధ్య అడిగింది. ఆ గదిలో ఎంత వేడి ఉండేది? అన్నం ఎక్కడ తినేవాళ్ళు? మాట్లాడే తోడు ఎవరైనా ఉండేవాళ్ళా? ఆయన ఒక్కోటి చెబుతూ పోయాడు. బఠాణీలు ఒలవడం ఇద్దరూ మర్చిపోయారు.

చివరికి ఆవిడ లోపలికెళ్ళి రెక్సిన్ సంచీ తెచ్చింది. ఆరో ఉత్తరం తీసి, బాగైన కంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది.

"'ఈ కోటగోడ మీద ఇద్దరు కూర్చునేంత చోటే ఉంది. మూడోవాళ్ళు వస్తే లేచి నిలబడాలి. ఎవరూ రాకపోతే బావుండనిపించింది.' ఇది కూడా బాబాయ్ చెప్పిందేనా?"

చీఫ్ చెవులు ఎర్రబడ్డాయి. డెబ్బై ఒకటో ఏట.

"కాదు. గోడ ఆయనది. కూర్చోవడం నాది."

ఆవిడ ఉత్తరం మడిచింది. నవ్వలేదు. కానీ మధ్యాహ్నం కోడలితో, "మీ మావయ్యకి" అనకుండా, నేరుగా ఆయనకే మజ్జిగ గ్లాసు ఇచ్చింది. సాయంత్రానికి కొత్త కాగితం మీద గళ్ళు కొట్టింది.

ఈసారి ఉత్తరాలు బల్ల మీదికి రాలేదు. కోడలు వెతికి చెప్పింది. ట్రాము తీసేసి చాలాకాలమైంది. తాళ్ళ కొట్టు ఉన్న వీధిలో ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణాలున్నాయి. ఓడలు బాగుచేసే రేవుని పడవల విహారానికి వదిలేశారు, గట్టంతా నడకదారి చేశారు, ఎవరైనా వెళ్ళొచ్చు.

"ముందు అక్కడికే," అంది ఆవిడ. 'మొదటి రోజు' కింద 'ఓడ కట్టిన చోటు' అని రాసింది.

"అక్కడేముంటుంది చూడ్డానికి? ఇనుమూ నీళ్ళూ తప్ప," అన్నాడు చీఫ్.

"మీరు చూసింది అదొక్కటే కదా. మిగతావి ఇద్దరం కలిసి చూద్దాం."

మెట్లు ఎక్కాల్సిన పని లేని హోటలు చూడమని ఆయన కోడలికి చెప్పాడు. కొండ ఎదురుగా కనిపించే కిటికీ కావాలని ఆవిడ చెప్పింది. రెండూ ఒకేచోట దొరకవని కోడలు చెప్పింది. అరగంట వాదించుకున్నాక, ఆవిడ కిటికీయే గెలిచింది. చీఫ్ మర్నాటి నుంచి మోకాళ్ళకి వ్యాయామం మొదలుపెట్టాడు. లిఫ్టు వాడకుండా రెండంతస్తులు ఎక్కుతుంటే, వాచ్‌మన్ కంగారుపడి లిఫ్టు చెడిపోయిందేమోనని అడిగాడు.

ఆ వసంతంలో వాళ్ళు వెళ్ళారు.

మొదటి రోజు ఉదయం గట్టు మీద చీఫ్ చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. తెల్లటి చిన్న పడవలు, గొడుగుల కింద కుర్చీలు. ఏదీ పోల్చుకోలేకపోయాడు. చివరికి నీళ్ళ అంచున, తాళ్ళు చుట్టే ఇనుప దిమ్మలు వరసగా కనిపించాయి. వంగి చూశాడు, చేత్తో తడిమాడు. "ఇక్కడే," అన్నాడు. ఆవిడ కూడా చేయి ఆనించింది. ఎండకి ఇనుము వెచ్చగా ఉంది. ఓడ ముందు భాగం ఎటుండేదో, ఇంజను గది ఎక్కడికొచ్చేదో, బాబాయ్ దిగే నిచ్చెన ఎక్కడ ఆనేదో ఆయన చేతులు చాపి చూపించాడు. నడుస్తున్నవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్ళారు.

అక్కణ్ణుంచి పాత గేటు దాకా వాళ్ళిద్దరూ నడిచారు. ఆవిడ మనసులో అడుగులు లెక్కపెట్టింది. మూడొందల నలభై.

"ఇంతేనా?" అంది, గేటు రాతిస్తంభం పక్కన ఆగి. "ఇంత దగ్గరా?"

"ఇంతే."

ఆవిడ ఆయన చొక్కా కాలరు సరిచేసింది. అది సరిగానే ఉంది. తర్వాత ఇద్దరూ గేటు దాటారు.

బయట ఒక చిన్న తోట, దాని చుట్టూ సిమెంటు బెంచీలు. ఎదురింటి బాల్కనీలో ఒకావిడ దుప్పట్లు ఆరేస్తూ వీళ్ళని చూసి, తన భాషలో ఏదో పలకరించింది. ఈవిడ తెలుగులోనే, "ఇప్పుడే వచ్చామమ్మా," అంది. దుప్పటావిడ తలూపింది.

పదిన్నరకి తీరం చుట్టూ తిప్పే పడవ ఉంది. ఇంకా టైముంది కదా అని బెంచీ మీద కూర్చున్నారు. ఎండ లేతగా ఉంది. చీఫ్ కాళ్ళు చాపి, ఏదో చెబుతూ చెబుతూ, మాట మధ్యలో తల పక్కకి వాల్చి నిద్రపోయాడు. ఆవిడ తన భుజం కొంచెం కిందికి దించింది, ఆయన మెడ నొప్పి పుట్టకుండా.

పడవ హారను రెండుసార్లు మోగించి వెళ్ళిపోయింది. ఆవిడ ఆయన్ని లేపలేదు.